నాన్న గుండెకి కట్టిన అంటు

కడియపులంక,
24-6-2007, ఆదివారం.

కాదమ్మా, మావిడికి కట్టినట్టు గుండెకి అంటు కట్టరు. పుల్ల చెక్కడం, చీల్చడం, దూర్చి రిబ్బను చుట్టడం అలాంటివేం ఉండవు. నడుం కింద ఎముకలోంచి సూదితో రక్తంలాంటి గుజ్జు తీస్తారు. అందులోంచి పనికొచ్చే కణాలు వేరు చేస్తారు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాంట్లోంచి మెల్లగా వదులుతారు. అంతే. నువ్వు ఈ మాట అడగలేదని నాకు తెలుసు. కానీ ఎన్నాళ్ళనుంచో నాలో నేను నీకు జవాబులు చెప్పుకుంటున్నాను. కాగితం తియ్యగానే ముందు అదే వచ్చేసింది. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనీ.

ఇప్పుడు సరిగ్గా మొదలుపెడతాను. మస్కట్‌లో ఉన్న అమ్మకి, నీ కొడుకు దుర్గాసాయి దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ నలుగురం బాగానే ఉన్నాం. ఊరికే రాయలేదమ్మా, ఒక్కొక్కళ్ళనీ చూసొచ్చి రాశాను. మామ్మ అరుగు మీద చింతపండులో పిక్కలు తీస్తోంది. చెల్లి హేమ పక్కింట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. నాన్న నర్సరీ షెడ్డులో కొబ్బరిపీచు బస్తాల మీద పడుకుని మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. నేను ఆయనకి ఎదురుగా, తలకిందులు చేసిన కుండీ మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా అక్కడ కులాసాగా ఉండాలని, ఎండల్లో మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు తలకి గుడ్డ చుట్టుకోవాలని కోరుకుంటున్నాను.

మెసేజ్ కొట్టొచ్చు కదా అంటావేమో. కొట్టానమ్మా. నీకు పంపకుండా దాచేసినవి ఫోన్లో పదకొండు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతుంటే అసలు మాట రాకముందే నిండిపోతుంది. ఒకదాంట్లో "అమ్మా నీకో మాట" అని ఉంది, అంతే. ఇంకోదాంట్లో "నాన్న గుండె" అని ఉంది. ఫోన్లో చెబుదామంటే నాకు నోరు పెగలదు. శుక్రవారం నువ్వు చేసినప్పుడు నాన్న ఫోను నా చెవికి ఆనిస్తే "ఆ, ఊ, తిన్నాను" అని ఇచ్చేస్తాను. "వీడికి సంతలో మాటలు కొనివ్వాలే" అని నాన్న నీతో నవ్వుతాడు. అందుకే చిట్టెమ్మ పిన్ని సెలవులు అయిపోయి మళ్ళీ గురువారం మస్కట్ విమానం ఎక్కుతోందంటే, ఈ ఉత్తరం సంచిలో పెట్టుకుని నీ చేతికే ఇమ్మన్నాను. "ఏరా, పెళ్ళి సంబంధం ఏమన్నా చూసుకున్నావా?" అంది. నేను తలొంచుకుని వచ్చేశాను.

ముందు పిన్ని తెచ్చిన నీ ఉత్తరానికి జవాబులు. హేమ చెప్పులు సరిపోయాయి. కొంచెం పెద్దవే, వేళ్ళు బిగించి నడుస్తోంది. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుంటే మామ్మ తీసి గుమ్మం దగ్గర పెడుతోంది. ఇంటి కప్పు కురిసే చోట మా నర్సరీ యజమాని మల్లేశ్వరరావు గారి దగ్గర పాత టార్పాలిన్ అడిగి కప్పాం. ఎనిమిదో తరగతి మళ్ళీ కట్టమని రాశావు. అది వద్దమ్మా. నాకంటే చిన్నపిల్లలు నన్ను అన్నయ్యా అంటుంటే బల్ల మీద కూర్చోలేను. నువ్వు నాటిన జాజి ఇంకా పుయ్యలేదు. తీగ మాత్రం కిటికీ దాటి కప్పు మీదకి పాకింది.

నాన్న గొంతు ఫోన్లో పెళ్ళికొడుకులా ఉందేంటని అడిగావు. అది చెప్పడానికే ఇదంతా. నాన్నకి కొత్త గుండె మొలిచిందని నువ్వు పనిచేసే ఇంటి మేడమ్‌కి చెబితే ఆవిడ ఖర్జూరాల డబ్బా పంపిందని రాశావు, రుచిగా ఉన్నాయా అని అడిగావు. మామ్మా, చెల్లీ, నాన్నా తిన్నారు. నేను ఒకటి నోట్లో పెట్టుకుని, ఎవరూ చూడకుండా పెరట్లో ఉమ్మేశాను. ఎందుకో చివర చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతాది రాయలేను.

నువ్వు ఇక్కడ లేవు కాబట్టి నీకు అంతా ముక్కలుముక్కలుగానే తెలుసు. పోయిన శ్రావణంలో నాన్న టెంక మొక్కల మీద బంగినపల్లి పుల్లలు కడుతూ కడుతూ చాకు కింద పెట్టాడు. నాన్న చాకు ఎప్పుడూ నేల మీద పెట్టడు కదా, నాకు అదే అనుమానం వచ్చింది. "ఎడం చెయ్యి లాగుతోందిరా, కొంచెం సోడా తే" అన్నాడు. అది గ్యాసు అనుకుని నేను సోడా తెచ్చాను, మామ్మ వాము నూరింది. సాయంత్రానికి గానీ ఆటోలో రాజమండ్రి తీసుకెళ్ళలేదు. అప్పటికే ఆలస్యం అయిపోయిందన్నారు. అక్కణ్ణుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రికి పంపారు. నీ పాస్‌పోర్టు మీ మేడమ్ వాళ్ళ దగ్గర ఉండిపోయి నువ్వు రాలేకపోయావు. రైల్లో నేను, నాన్న, ఒక దుప్పటి.

అక్కడ హరిచందన గారని ఒక డాక్టరమ్మ ఉంది. చిన్నావిడే. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశాక నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. నేను నాన్న వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"రక్తం అందక మీ గుండెలో కొంత కండ చచ్చిపోయిందండి. ఇప్పుడు దారి తెరిచాం గానీ, చచ్చిపోయిన కండ తిరిగి రాదు. అక్కడ మచ్చ కట్టేస్తుంది."

నాన్న పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "అంటే ఏంటండీ, బోదె పూడిపోయింది, కింద మడి ఎండిపోయింది. తమరు పూడిక తీసి నీళ్ళొదిలారు. కానీ ఎండిపోయిన నారు లేవదు. అంతేనాండి?"

డాక్టరమ్మ నవ్వేసింది. "అంతేనండి. ఏ ఊరండి మీది?"

"కడియపులంకండి. నర్సరీలో అంట్లు కడతానండి."

"మాది అమలాపురం. మా పెరట్లో మావిడి మీ ఊరి అంటేనండి."

ఆ మాటతో నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "మరి ఆ మడిలో కొత్త నారు వెయ్యొచ్చాండి?"

అప్పుడు చెప్పింది ఆవిడ. మనిషి ఎముకల్లో మూలకణాలని ఉంటాయట. అవి ఇంకా ఏదీ అవ్వని కణాలట. వాటిని గుండెలో వదిలితే చచ్చిన చోట ఏమన్నా బాగుపడుతుందా అని చూస్తున్నారట. "ఇది ఇంకా వైద్యం కాదండి, పరిశోధన. ఒప్పుకున్న అందరికీ ఎముకలోంచి తీస్తాం. సగంమందికి కణాలు ఇస్తాం, సగంమందికి కణాల్లేని ఉత్త నీళ్ళు ఇస్తాం. ఎవరికి ఏది వెళ్ళిందో మీకు తెలీదు, నాకూ తెలీదు. అంతా అయ్యాకే తెలుస్తుంది."

"తమరికీ తెలీదాండి?"

"నాకూ తెలీదండి."

"అదే మంచిదిలెండి," అన్నాడు నాన్న. "తెలిస్తే చెయ్యి ఊరుకోదండి."

ఆ మాట ఎవరి గురించి అన్నాడో నాకు తెలుసు. నీకు గుర్తుందో లేదో, నాకు పదేళ్ళప్పుడు నాన్న నాతో మొదటిసారి ఇరవై అంట్లు కట్టించాడు. కట్టాక మూడు వారాలు ముట్టుకోకూడదన్నాడు. నేను వారం ఆగాను. తర్వాత రోజుకొకటి రిబ్బను విప్పి, పట్టిందా లేదా అని చూసి, మళ్ళీ చుట్టేసేవాణ్ణి. అంత మెల్లగా చుట్టానమ్మా, ఎవరూ కనిపెట్టలేరనుకున్నాను. ఇరవయ్యీ ఎండిపోయాయి. నాన్న కొట్టలేదు. ఎండిన పుల్లలన్నీ ఏరి నా ఒళ్ళో పోసి, "పట్టిందో లేదో దానికి తెలుసురా. చెప్పే టైముకి అదే చిగురేసి చెబుతుంది. నీకెందుకురా తొందర?" అన్నాడు. ఆ పుల్లలు చాలా తేలిగ్గా ఉన్నాయి. ఇప్పటికీ ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

నాన్న సంతకం పెట్టాడు. తుంటి దగ్గర పెద్ద సూది గుచ్చారు. మర్నాడు సాయంత్రం గొట్టంలోంచి వదిలారు. వార్డుకి తెచ్చాక నాన్న కళ్ళు మూసుకునే, "సాయీ, కట్టేశార్రా" అన్నాడు. కిటికీలోంచి ఎర్రటి ఎండ ఆయన ఛాతీ మీద పడింది. ఎండకి కణాలు కమిలిపోతాయేమోనని నేను లేచి కర్టెను వేశాను. నవ్వకు. నాకు అప్పుడు నిజంగానే అలా అనిపించింది.

ఇంటికొచ్చాక నాన్న నడిచే పద్ధతే మారిపోయింది. లోపల లేత మొక్క ఉన్న కుండీని మోస్తున్నట్టు నడిచేవాడు. గుమ్మం దాటేటప్పుడు ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. బీడీ మానేశాడు, "లేత చిగురుకి పొగ తగలకూడదు" అనేవాడు. పొద్దున్నే మంచులో కాలవ గట్టు మీద నడుస్తూ తనలో తను మెల్లగా మాట్లాడుకునేవాడు. దగ్గరికెళ్ళి వింటే, "ఊఁ, తాగు, తాగు" అంటున్నాడు. ఎవరితో అంటే తలెత్తి సిగ్గుపడ్డాడు. మామ్మ మాత్రం "నన్ను కూడా అలా బుజ్జగిస్తే నా మోకాళ్ళు బాగుపడేవి కదరా" అంది.

మార్చిలో మళ్ళీ హైదరాబాద్ వెళ్తే స్కాను తీశారు. తెర మీద నాన్న గుండె కనిపించింది. బూడిదరంగులో, వానలో తడిసిన పిట్ట రెక్కలు దులుపుకున్నట్టుగా ఉంది. అప్పట్లో నూటికి ముప్ఫై వంతుల బలంతో కొట్టుకునేది, ఇప్పుడు ముప్ఫైతొమ్మిది అన్నారు. నాన్న మంచం మీదే ఏడ్చాడు. ఆ రోజే నీకు "అంటు పట్టింది" అని మెసేజ్ కొట్టాను. ఆ మాట డాక్టరమ్మ అన్లేదమ్మా. నేనే అనుకుని కొట్టాను. అది చూసే నువ్వు మీ మేడమ్‌కి చెప్పావు.

మే నెలలో ఆఖరుసారి వెళ్ళాం. పరిశోధన అయిపోయిందని, ఒక్కొక్కళ్ళకీ అంటించిన కవరు ఇచ్చారు. ఎవరికి కణాలు వెళ్ళాయో, ఎవరికి వెళ్ళలేదో అందులో ఉంటుంది. తెలుసుకోవాలనుకుంటే తెరవొచ్చు, లేకపోతే లేదు. డాక్టరమ్మ, "చూస్తారాండి?" అంది.

"వద్దండి," అన్నాడు నాన్న. "మాకు విప్పి చూసే అలవాటు లేదండి."

"లోపల ఇంకో కాగితం కూడా ఉందండి. ఎప్పుడన్నా ఒకసారి చూస్తే మంచిది."

"ఆయ్, అలాగేనండి," అని కవరు నా చేతికిచ్చి, "ఇంటికెళ్ళాక అమ్మ పెట్టెలో అడుగున పెట్టరా" అన్నాడు.

నేను పెట్టాను. నీ పట్టుచీర కింద, నాఫ్తలీన్ ఉండల పక్కన. పది రోజులు ముట్టుకోలేదు. నువ్వు నమ్మాలి, పది రోజులు.

ఇంతలో కాలవలు వదిలారు. వేసవంతా ఎండి పగుళ్ళిచ్చిన కాలవలోకి ధవళేశ్వరం నుంచి నీళ్ళొస్తున్నాయంటే మేమంతా వంతెన మీదకి పరిగెత్తాం. ముందు ఏమీ రాలేదు. తర్వాత నురగ, ఎండుటాకులు, ఒక పాత చెప్పు. ఆ వెనక ఎర్రనీళ్ళు మెల్లగా, నేలని వాసన చూసుకుంటున్నట్టు వచ్చాయి. నాన్న గట్టు దిగి మోకాళ్ళలోతులో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "లోపల కూడా ఇలాగే ఉందిరా సాయీ" అన్నాడు. ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. నీ పెళ్ళి ఫొటోలో కూడా నాన్న అలా లేడు.

ఆ మర్నాడే భయం మొదలైంది. బెంగళూరు లారీకి పెద్ద పామ్ చెట్లు ఎక్కిస్తున్నారు. మట్టిగడ్డతో కలిపి ఒక్కొక్కటి ఆరుగురు మొయ్యాలి. నాన్న తువ్వాలు తలకి చుట్టుకుని తాడు కింద భుజం పెట్టాడు. మల్లేశ్వరరావు గారు గద్దె మీంచి కేకేశారు. "పెద్దిరాజూ! డాక్టర్లు బరువు ఎత్తొద్దన్నారు కదయ్యా!"

"అది పాత గుండెకి చెప్పారండి!" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు.

నేను వెళ్ళి నాన్నని పక్కకి తోసి ఆ తాడు కింద దూరాను. భుజం కొట్టుకుపోయింది. నాన్న "వీడికి కూడా బలం వచ్చిందండోయ్" అని మురిసిపోయాడు. శ్రావణం నుంచి మళ్ళీ లోడింగుకి వస్తానని ఆ రోజే మల్లేశ్వరరావు గారికి మాటిచ్చేశాడు.

ఆ సాయంత్రం జాజికి నీళ్ళు పోస్తుంటే కుండీ మొదట్లో తెల్లగా ఏదో తేలింది. ముత్యాలేమో అనుకున్నాను. నాన్న మాత్రలు. పూటకి ఒకటో రెండో మట్టిలో దాచేస్తున్నాడు.

అప్పుడు తెరిచానమ్మా. అదే నేను నీ దగ్గర దాచింది. నాన్న విప్పొద్దన్న కవరు విప్పాను. మామ్మ గుడికి వెళ్ళింది, హేమ పక్కింట్లో ఆడుకుంటోంది. అన్నం గంజి ఆవిరి తగిలించి, అంచు చిరక్కుండా, పదేళ్ళప్పుడు రిబ్బను విప్పినట్టే విప్పాను. ఒక కాగితం ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. తెలుగు దాంట్లో ఇలా ఉంది: "మీకు ఇచ్చిన ఇంజక్షన్‌లో మీ మూలకణాలు లేవు."

నాలుగుసార్లు చదివాను. నేను సరిగ్గా చదవలేను కదా, ఎక్కడో తప్పు చదివానేమోనని ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. లేవు అనే ఉంది.

రెండో కాగితంలో ఇంకోటి ఉంది. ఆ రోజు ఎముకలోంచి తీసిన కణాలు పారెయ్యలేదట. గడ్డకట్టించి భద్రంగా ఉంచారట. కావాలనుకుంటే ఆగస్టు నెలాఖరులోపు వస్తే అవి ఎక్కిస్తారట. ఆ తర్వాత ఉంచరట. కింద రెండు సంతకాలకి చోటుంది. ఒకటి నాన్నది. రెండోది "జీవిత భాగస్వామి" అని ఉంది. అదెవరా అని చాలాసేపు ఆలోచించాను. నువ్వేనని తెలిశాక నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

అప్పట్నుంచి ఒకటే కల. పెద్ద మంచుగది. వరసలుగా చిన్నచిన్న గాజు కుండీలు. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి పేరు. నాన్న పేరున్న కుండీ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే, లోపల ఆవగింజంత వెలుగు మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది. "ఏం అవుతావు?" అని అడుగుతాను. అది ఏమీ చెప్పదు. నా లాగే దానికీ నోరు పెగలదు.

రెండు రోజులు ఆలోచించి డాక్టరమ్మకి మెసేజ్ కొట్టాను. ఆసుపత్రి ఫైలు అట్ట మీద ఆవిడ నంబరు ఉంది. "మేడమ్, నాన్నకి కణాలు లేవంట. మరి ఎలా బాగయ్యాడు? చెప్పాలా వద్దా?" అని. కాసేపటికి ఆవిడే ఫోన్ చేసింది. నేను "ఆ" అని ఊరుకున్నాను.

"సాయీ, నువ్వు మాట్లాడకపోయినా పర్లేదు, విను," అంది. "మీ నాన్నగారు బాగుపడింది నిజం. అది అబద్ధం కాదు. స్టెంటు, మాత్రలు, బీడీ మానెయ్యడం, నడక, వీటితో చాలామంది గుండె కొంత కోలుకుంటుంది. మాత్రలు ఆపితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. వింటున్నావా?"

"ఆ."

"కణాలు ఎక్కిస్తే ఇంకా బాగుపడతారా అంటే, నాకు తెలీదమ్మా. తెలిస్తే ఈ పరిశోధనే అక్కర్లేదు. కొందరికి కొంచెం మేలు కనిపించింది, కొందరికి ఏ తేడా లేదు. కానీ ఆయనకి చెప్పకుండా మాత్రం ఎక్కించం. ఆయన గుండె, ఆయన తెలిసి ఒప్పుకోవాలి."

అప్పుడు అన్నాను. ఫోన్లో నేను మాట్లాడిన పొడుగైన మాట అదే. "తెలిస్తే నాన్న వాడిపోతాడండి."

ఫోన్లో వెనక ఎవరో స్ట్రెచర్ తోసుకెళ్తున్న చప్పుడు వినిపించింది. "నీకు పదిహేడేగా," అంది చివరికి. "ఇంత బరువు ఒక్కడివే మొయ్యకు. అమ్మగారితో మాట్లాడు."

మాత్రల సంగతి నేనే చూశానమ్మా, అందుకు కంగారు పడకు. మర్నాడు పొద్దున్న నాన్న ఇంటి ముందు గులాబీలకి కొమ్మలు కత్తిరిస్తుంటే పక్కన కూర్చున్నాను.

"నాన్నా, అంటు పట్టాక రిబ్బను తీసేస్తాం కదా."

"తీసేస్తాం."

"ఊతకర్ర కూడా తీసేస్తామా?"

"ఏడిశావ్. అప్పుడే ఎలా తీస్తాంరా? ఒక గాలి కొడితే అతుకు దగ్గర పుటుక్కుమంటుంది. రెండేళ్ళన్నా ఉండాలి ఊతకర్ర."

నేను జేబులోంచి మట్టి తుడిచిన మాత్రలు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. "మరి ఇవి?"

నాన్న చాకు ముడిచాడు. తర్వాత నన్ను కాదు, అరుగు మీదున్న మామ్మని చూస్తూ అన్నాడు, "అమ్మా, వీడికి మాటలొచ్చాయే! ఒరే, నీళ్ళు తే."

ఆ రోజు నుంచీ మూడు పూటలా నా ముందే మింగుతున్నాడు. కానీ నేను అబద్ధం చెప్పానమ్మా. పట్టని అంటుకి ఊతకర్ర పాతమన్నాను. శ్రావణం వస్తే లోడింగుకి వెళ్తానంటాడు, అప్పుడు ఏ కర్ర చూపించి ఆపను? చెప్పేస్తే బరువులు ఎత్తడు, మంచులో ఉన్న కణాలకీ ఒక దారి దొరుకుతుంది. కానీ పొద్దున్నే గట్టు మీద "తాగు, తాగు" అంటూ నడిచే నాన్న ఉండడు. ఛాతీ మీద చెయ్యి వేసుకుంటే అక్కడ ఉత్త నీళ్ళు పోశారని గుర్తొస్తుంది. చెప్పకపోతే ఆ ముఖం అలాగే ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలీదు. ఆగస్టు అయిపోతే మంచుగదిలో ఆ దీపం ఆర్పేస్తారు.

ఒక్కోసారి నేను విప్పకపోతే అందులో "ఉన్నాయి" అనే ఉండేదేమో అనిపిస్తుంది. అలా ఉండదని తెలుసు. అయినా ఆ ఇరవై పుల్లలు గుర్తొస్తాయి.

ఇప్పుడే లేచి వెళ్ళి నాన్న ఛాతీ మీద మెల్లగా చెవి పెట్టి విన్నాను. నిద్రలో ఉన్నాడు, తెలీలేదు. కొబ్బరిపీచు వాసన, చెమట వాసన. లోపల చప్పుడు మామూలుగానే ఉంది. తొందరేం లేకుండా, కాలవ గట్టు మీద నడుచుకుంటూ వెళ్తున్న మనిషి అడుగుల్లా ఉంది. అందులో కొత్తది ఎంతో, పాతది ఎంతో నాకు తెలీలేదు. నాన్న కళ్ళు తెరవకుండానే నా జుట్టులో చెయ్యి పెట్టి, "ఏంట్రా, చిగురేసిందా?" అన్నాడు. కలలో అన్నాడో, మెలకువలో అన్నాడో. నేను "పడుకో నాన్నా" అన్నాను.

సంతకం చెయ్యాల్సిన కాగితం ఈ ఉత్తరంలోనే మడిచి పెట్టాను. "జీవిత భాగస్వామి" అన్నచోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను. నువ్వు పెట్టినా, పెట్టకపోయినా నీ మీద కోపం రాదు. కవరు మళ్ళీ అంటించి నీ చీర కిందే పెట్టాను. నాన్న దాని గురించి ఇంతవరకు అడగలేదు.

హేమ వచ్చి ఏం రాస్తున్నావని చూస్తోంది. తన పేరు ఎక్కడుందో చూపిస్తే ముద్దు పెట్టింది, అందుకే ఇక్కడ కాగితం తడిసింది. ఇంక ఆపుతాను. మీ మేడమ్‌కి ఖర్జూరాలు బాగున్నాయని చెప్పు. మిగతాది చెప్పకు.

ఇట్లు,
విప్పొద్దన్నది విప్పేసిన నీ కొడుకు,
సాయి.

ఒక మాట మర్చిపోయాను. ఉత్తరం అందాక శుక్రవారం నువ్వు ఫోన్ చేస్తావు. నాన్న పక్కనే ఉంటాడు, ఏదీ తిన్నగా అడగలేవు. అందుకని ఇలా చెయ్యి. నాన్నకి చెప్పెయ్యమంటే, "జాజి పూసిందా?" అని అడుగు. వద్దు, అలాగే ఉండనియ్యమంటే, "అక్కడ వాన పడిందా?" అని అడుగు. నేను ఎప్పటిలాగే "ఆ" అని ఫోన్ ఇచ్చేస్తాను, నాన్నకి తెలీదు. జాజి గురించి అడుగుతావా అమ్మా, వాన గురించి అడుగుతావా?